నర్సింగ్ లోన్ తీసుకునే ముందు మొదటి జీతం ఎంతో చూడండి

నమస్తే అందరికీ. ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో ఒకటే మాట. పాపని బీఎస్సీ నర్సింగ్‌లో వేస్తున్నాం, వైజాగ్‌లో సీటు మాట్లాడేశాం, బ్యాంకు లోన్ ఇస్తుంది, నాలుగేళ్లు కళ్లు మూసుకుంటే ఉద్యోగం, ఇంక టెన్షన్ లేదు.

నర్సింగ్ మంచి చదువే. ఆ పని మీద నాకు చాలా గౌరవం ఉంది, అందుకే ఈ వీడియో. లోన్ తీసుకునేటప్పుడు చాలామంది లెక్కను చివరి నుంచి మొదలుపెడుతున్నారు.

ఏజెంట్ ఏం చూపిస్తాడు? ఎయిమ్స్ అనే కేంద్ర ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ జీతం. అది అబద్ధం కాదు, కేంద్ర జీతాల పట్టికలో లెవెల్ 7, బేసిక్ 44,900, పైన డీఏ (కరువు భత్యం), హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం). రైల్వే స్టాఫ్ నర్సుకీ అదే లెవెల్. కానీ బ్యాంకుకు మీరు ఎయిమ్స్‌లో చేరారా లేదా అన్నదానితో పని లేదు. కోర్సు అయ్యాక ఏడాది ఆగుతుంది, తర్వాత ఈఎంఐ మొదలు. ఆ రోజుకి ఎక్కువ మంది అమ్మాయిల చేతిలో ఉండేది ప్రైవేటు హాస్పిటల్ జీతం. నాకు తెలిసిన కొత్త నర్సులకు వస్తున్నది 12,000 నుంచి 18,000 మధ్య, అందులోనే రూమ్ అద్దె, తిండి, నైట్ డ్యూటీ చేసి వచ్చాక ఆటో ఛార్జీలు.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 1.5 లక్షలు, నాలుగేళ్లకు 6 లక్షలు, వడ్డీ లెక్క సులువుగా ఉండేందుకు 10 శాతం అనుకుందాం. చదివే రోజుల్లో, ఆ తర్వాతి ఏడాదిలో వడ్డీ సింపుల్‌గానే వేస్తారు, అయినా సరే మొదటి ఏడాది తీసుకున్న డబ్బుకు ఐదేళ్ల వడ్డీ, రెండో ఏడాది డబ్బుకు నాలుగేళ్లది, ఇలా కలుపుకుంటూ పోతే 2.1 లక్షలు అవుతుంది. అంటే మొదటి ఈఎంఐ కట్టే రోజుకి అప్పు 8.1 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 10,700. పదిహేనేళ్లకు సాగదీస్తే 8,700, కానీ మొత్తం కట్టేది 15 లక్షలు దాటిపోతుంది.

15,000 జీతంలో 10,700 ఈఎంఐ ఎవరు కడతారు? నాన్న కడతాడు. ఎందుకంటే లోన్ కాగితం మీద ఆయన సంతకం కూడా ఉంది, వాయిదా తప్పితే ఆయన సిబిల్, అంటే అప్పులు ఎలా తీర్చారో చూపించే స్కోరు, కూడా పోతుంది, రేపు పొలానికో చిన్న కొట్టుకో లోన్ అడిగితే అక్కడ ఇది అడ్డొస్తుంది. ఈ మాట సీటు మాట్లాడే రోజు ఎవరూ చెప్పరు.

నేను చెప్పేది ఇదీ: ఈఎంఐ మొదటి జీతంలో నాలుగో వంతు దాటకూడదు. 15,000 జీతానికి లెక్క కడితే కోర్సు మొత్తానికి రెండు, మహా అయితే రెండున్నర లక్షల అప్పు. అంతకుమించితే ఇంట్లో ఇంకెవరి సంపాదనో దానికి కేటాయించాలి, అది ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

జీతాలు ఇంత తక్కువ ఎందుకు అంటే, ఇది నర్సుల తప్పు కాదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు హాస్పిటల్ అయినా సరే నర్సుకు నెలకు 20,000 తగ్గకూడదని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. ఆ 20,000 కూడా ఇప్పటికీ చేతికి రాని అమ్మాయిలు ఉన్నారు, ఐసీయూలో రాత్రంతా నిలబడే పిల్లలకి ఇది అన్యాయం. కానీ మీ లోన్ మాత్రం రావాల్సిన జీతంతో తీరదు, వచ్చే జీతంతోనే తీరాలి.

ఇక మన బోర్డర్ వాళ్లకే ఉన్న సమస్య. ఆంధ్రలో కన్వీనర్ సీటుకి, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటుకి, లోకల్ లెక్క ఉంటుంది, ఒడిశాలో చదివిన మన పిల్లలు నాన్-లోకల్, అందుకే ఏజెంట్ నేరుగా మేనేజ్‌మెంట్ సీటుకి తీసుకెళ్తాడు, ఫీజు అక్కడే పెరిగిపోతుంది. ఇటు ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం రావాలి, స్కూల్లో ఆ సబ్జెక్టు పాసై ఉండాలి, లేదంటే ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా పాసవ్వాలి. చిన్నప్పుడే ఆంధ్ర వైపు పార్వతీపురమో బొబ్బిలో హాస్టల్‌లో వేసిన పిల్లలకి ఇది దెబ్బ. ఒడిశాలో 2022లో కాంట్రాక్టు నియామకాల పద్ధతి తీసేశారు, ఇప్పుడు ఓఎస్‌ఎస్‌ఎస్‌సీ (ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల ఎంపిక సంస్థ) ద్వారా వచ్చే నర్సింగ్ ఆఫీసర్ పోస్టు రెగ్యులర్ ఉద్యోగం. దానికి అర్హత ఉన్న పిల్ల, బరంపురం ప్రభుత్వ నర్సింగ్ కాలేజీకి అసలు ప్రయత్నమే చేయకుండా వైజాగ్ మేనేజ్‌మెంట్ సీటుకి అప్పు చేయడం నాకు బాధగా ఉంటుంది.

జీఎన్‌ఎంని, అంటే నర్సింగ్ డిప్లొమాని, తీసిపారేయకండి. మూడేళ్ల కోర్సు, కాబట్టి ఒక ఏడాది ఫీజు, హాస్టల్ మిగులుతాయి. తేడా ఎక్కడంటే ఎయిమ్స్ నర్సు ఉద్యోగాలకి పెట్టే నోర్‌సెట్ పరీక్ష బీఎస్సీ వాళ్లు చదువు అవగానే రాయొచ్చు, జీఎన్‌ఎం వాళ్లకి 50 పడకల హాస్పిటల్‌లో రెండేళ్ల అనుభవం కావాలి. (అబ్బాయిలూ, నోర్‌సెట్‌లో ఎయిమ్స్ పోస్టులు 80 శాతం ఆడవాళ్లకి, మీరు ఆ లెక్కతో దిగండి.) అమ్మాయిలకు మిలటరీ నర్సింగ్ కూడా ఉంది, నీట్ స్కోరుతో తీసుకుంటారు, చదువు ఖర్చు వాళ్లదే, బదులుగా సర్వీసు చేయాలి.

జర్మనీ, యూకే మాట వస్తే ఒక్కటే చెప్తాను. జర్మనీకి బీ2 లెవెల్ జర్మన్, యూకేకి ఓఈటీ లాంటి ఇంగ్లిష్ పరీక్ష, ఇవన్నీ కోర్సు తర్వాత ఇంకా డబ్బు, ఇంకా టైం. ఆ జీతం చూసి ఈ లోన్ తీసుకోకండి.

బ్యాంకుకి వెళ్లినప్పుడు ముందు వడ్డీ రాయితీ గురించి అడగండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, చదువుకునే కాలం, పైన ఏడాది వడ్డీ కేంద్రం కట్టే పథకం ఉంది, మన లెక్కలో 2.1 లక్షలు అదే. కానీ ఆ కాలేజీకి ఈ పథకానికి కావాల్సిన గుర్తింపు ఉందా, ఈ సీటుకి అది వర్తిస్తుందా అన్నది అడ్వాన్స్ కట్టకముందే తేల్చుకోండి, ఎందుకంటే మెరిట్ సీటునీ మేనేజ్‌మెంట్ సీటునీ బ్యాంకు ఒకేలా చూడదు. రాయితీ రాకపోతే చదివే రోజుల్లోనే వడ్డీ కట్టగలరేమో చూడండి. మొదటి ఏడాది నెలకు 1,250, నాలుగో ఏడాదికి 5,000 అవుతుంది, కోర్సు అయ్యాక ఆగే ఏడాదిలో కూడా అలాగే కట్టుకుంటూ పోతే తర్వాత ఈఎంఐ 7,900కి దిగుతుంది.

ఇంకొక్క పని. ఆ కాలేజీలో పోయినేడు పాసైన ఇద్దరు ముగ్గురు అమ్మాయిల నంబర్లు అడిగి తీసుకోండి, ఫోన్ చేసి ఎక్కడ చేస్తున్నావమ్మా, చేతికి ఎంత వస్తోంది, సర్టిఫికెట్లు హాస్పిటల్ వాళ్లు పట్టుకున్నారా అని అడగండి. నంబర్లు ఇవ్వకపోతే ఆ రోజు డబ్బు కట్టకుండా ఇంటికి వచ్చేయండి.