సీసా వెనక్కి తిప్పండి

అందరికీ నమస్కారం. వచ్చేటప్పుడు ఇంట్లో తలంటుకి వాడే నీళ్లు ఒక సీసాలో పట్టుకురమ్మన్నాం. కుర్చీల కింద బాగానే కనిపిస్తున్నాయి. షాంపూ గురించి చెప్తామని పిలిచి నీళ్లెందుకు తెమ్మన్నట్టు అని మీకు అనిపించే ఉంటుంది. చివర్లో వాటితోనే పని.

ముందు ఈ షాంపూ సీసా చూడండి. ముఖం మీద ఉల్లిపాయ, బాదం పప్పు, మందార పువ్వు. ఆ బొమ్మల్ని వదిలేసి వెనక్కి తిప్పండి. అక్షరాలు ఆవగింజంత ఉంటాయి, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. ఎక్కువ కలిపింది ముందు, తక్కువ కలిపింది తర్వాత, ఇదీ వరుస. కానీ 1 శాతానికి మించనివాటిని ఎలా కావాలంటే అలా ముందూ వెనకా రాసుకోవచ్చు. కిటుకంతా అక్కడే ఉంది. ఫినాక్సీఎథనాల్ అనే పేరు వెతకండి. అది షాంపూ పాడవకుండా వేసేది, 1 శాతం మించి వెయ్యరు. దాని తర్వాత ఉల్లిపాయ రసం కనిపించిందంటే అదీ 1 శాతం లోపే. సీసా మొత్తానికి చెంచాడు కూడా ఉండకపోవచ్చు.

ఇప్పుడు మొదటి నాలుగైదు పేర్లు. మొదటిది నీళ్లు, ముప్పావు వంతుకి అటూ ఇటూ. రెండోది సాధారణంగా సోడియం లారెత్ సల్ఫేట్. జిడ్డు వదలగొట్టేదీ, నురగ ఇచ్చేదీ ఇదే. దీనికి అన్నలాంటిది సోడియం లారిల్ సల్ఫేట్. పేర్లలో తేడా ఒక్క అక్షరమే అనిపిస్తుంది గానీ లారిల్ చర్మాన్ని బాగా ఎండబెడుతుంది, లారెత్ అంత కాదు. వెంటనే కోకమిడోప్రొపైల్ బీటైన్ ఉందేమో చూడండి. అది పక్కనుంటే సల్ఫేట్ దురుసు తగ్గుతుంది. ఆ తర్వాత సోడియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పే. షాంపూ చిక్కబడటానికి వేస్తారు. చిక్కగా ఉంది కాబట్టి గట్టి షాంపూ అనుకోవద్దు, ఆ చిక్కదనం ఉప్పుది. ముత్యంలా మెరిసే తెలుపు గ్లైకాల్ డిస్టియరేట్‌ది, దానివల్ల జుట్టుకి ఒరిగేదేమీ లేదు.

ఇక నునుపు. డైమెథికోన్ అంటే సిలికోన్, వెంట్రుక మీద సన్నటి పొరలా పరుచుకుంటుంది. గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్ అని నోరు తిరగని పేరొకటి ఉంటుంది. హడలిపోకండి, గ్వార్ అంటే మన గోరుచిక్కుడే. ఆ గింజల జిగురుకి ధనావేశం వచ్చేట్టు మారుస్తారు. తడి వెంట్రుకకి ఉండేది రుణావేశం కాబట్టి అతుక్కుంటుంది, చిక్కు తేలిగ్గా వస్తుంది. సన్నటి, పల్చటి జుట్టువాళ్లకి ఇవే బరువు. రెండు రోజులకే జుట్టు నెత్తికి అంటుకుపోతుంది. అలాంటివాళ్లు ఈ రెండూ లేని షాంపూ తీసుకుని, కండిషనర్ కొసలకి మాత్రమే రాసుకోవాలి. గరుకు జుట్టు, ఉంగరాల జుట్టు, రంగు వేసిన జుట్టు ఉన్నవాళ్లకి ఇవి ఉండటమే మేలు.

‘సల్ఫేట్ లేదు’ అన్న ముద్ర చూసి రెట్టింపు ధర పెట్టేముందు ఒక్క మాట. సోడియం సి14-16 ఓలిఫిన్ సల్ఫోనేట్ ఉన్నా ఆ ముద్ర వేసుకోవచ్చు, పేరు ప్రకారం అబద్ధం కాదు. కానీ జిడ్డు లాగెయ్యడంలో అది సల్ఫేట్‌కి ఏమీ తీసిపోదు. నిజంగా మెత్తనిది కావాలంటే సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, డెసిల్ గ్లూకోసైడ్ లాంటి పేర్లు ముందు వరుసలో ఉండాలి. అయితే రాత్రి గిన్నెడు కొబ్బరినూనె పట్టించి పొద్దున ఇలాంటి షాంపూతో రుద్దితే నూనె వదలదు. ‘ఈ షాంపూ పనిచెయ్యట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఆ నూనే. కొబ్బరినూనె మంచిదే, వెంట్రుక లోపలికి ఇంకి తలంటినప్పుడు దాని అరుగుదల తగ్గిస్తుంది. దానికి తలంటుకి గంట ముందు రెండు చెంచాలు, అదీ మధ్యనుంచి కొసల దాకా, చాలు.

షాంపూ ఎంచుకోవాల్సింది మాడుని చూసి, జడని చూసి కాదు. రుద్దాల్సిందీ మాడునే, కొసలకి జారే నురగ సరిపోతుంది. తలంటుకున్న మర్నాటికే మాడు మీద వేలు రాస్తే జిడ్డు తగులుతోందా? లారెత్, బీటైన్ ఉన్న మామూలు షాంపూ, రోజు మార్చి రోజు పెట్టుకున్నా ఫర్వాలేదు. మన ఎండల్లో హెల్మెట్ పెట్టుకుని తిరిగే కుర్రాళ్లకి అది అవసరం కూడా. నాలుగో రోజుకీ జిడ్డు లేకపోతే మెత్తని షాంపూ వారానికి రెండుసార్లు చాలు. భుజాల దాకా ఉన్న జుట్టుకి ఒక సాషే, అంటే 5, 6 మిల్లీలీటర్లు సరిపోతుంది. మగ్గులో కొంచెం నీళ్లలో కలిపి పోసుకోవడం మంచి అలవాటే, అంతటా పడుతుంది. సీసా అడుగున మిగిలినదాంట్లో నీళ్లు పోసి వారం రోజులు ఉంచడం మాత్రం మానండి. పాడవకుండా వేసిన మందు కూడా పల్చబడి, లోపల క్రిములు పెరుగుతాయి.

చుండ్రు సంగతి వేరు. మలసీజియా అనే ఫంగస్ మాడు మీది జిడ్డుని తిని బతుకుతుంది. చుండ్రు ఉంది కదా అని నూనె పెట్టడమంటే దానికి విస్తరి వెయ్యడమే. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. రాసిన వెంటనే కడిగేస్తే డబ్బులు మోరీలో పోసినట్టే, 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. అప్పటికీ తగ్గకపోయినా, వెండి రంగు పొలుసులు లేచినా, గుండ్రంగా జుట్టు ఊడినా చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. జుట్టు రాలడం గురించి చీటీల మీద చాలామంది అడిగారు. మాడుని శుభ్రం చెయ్యడమే షాంపూ పని, రాలడాన్ని ఆపదు. టైఫాయిడ్, డెంగీ, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకి గుప్పెళ్లతో రాలి, చాలామందికి తనంతట తనే సర్దుకుంటుంది.

కుంకుడుకాయల్లోనూ నురగనిచ్చే సాపొనిన్లే ఉంటాయి, పని ఒకటే. గింజలు తీసి, పది కాయలు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి గుడ్డలో వడగట్టండి. జల్లెడ చాలదు, తొక్క నలుసులు మాడుకి పట్టుకుంటాయి. రసం ఆ రోజుకే.

ఇప్పుడు నీళ్లు. మన గుంటూరులో కార్పొరేషన్ కుళాయిలో వచ్చేవి కృష్ణా నీళ్లు, అపార్ట్‌మెంట్ ట్యాంకుల్లో చాలాచోట్ల బోరు నీళ్లు. షాంపూ మార్చి మార్చి విసిగిపోయినవాళ్లు ఎక్కువగా ఈ రెండో రకం ఇళ్లలోనే ఉంటారు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే నురగ తగ్గుతుంది, ఇంకాస్త షాంపూ పోస్తారు, ఆ లవణాలు వెంట్రుకల మీద పేరుకుని జుట్టు గడ్డిలా అవుతుంది. ఈ లవణాల మోతాదునే కాఠిన్యం అంటారు. తాగే నీటికి మన ప్రమాణం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. షవర్‌కి బిగించే కార్బన్ ఫిల్టర్ క్లోరిన్ తగ్గిస్తుంది గానీ కాఠిన్యం తియ్యదు, దానికి రెజిన్ పూసలతో ఆ లవణాల్ని లాగేసే సాఫ్ట్‌నర్ కావాలి. అంత ఖర్చు వద్దంటే చివరి రెండు మగ్గులు కుళాయి నీళ్లు పోసుకోండి. పదిహేను రోజులకోసారి లీటరు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం వడగట్టి కలిపి జుట్టు మీద పోసుకుని, నిమిషం ఆగి కడిగెయ్యండి. కంట్లో పడనివ్వకండి. కొనేటప్పుడు ఈడీటీఏ ఉన్న షాంపూ చూసుకోండి, అది ఆ లవణాల్ని పట్టి ఉంచుతుంది.

నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు దీనికి పనికిరాదు, అది మామూలు ఉప్పుని కూడా లెక్కేస్తుంది. స్నానం సబ్బు తురుము తెచ్చాం. చేతులు కడిగే లిక్విడ్ కాకుండా సబ్బే ఎందుకంటే, ఆ లిక్విడ్లు చాలావరకు డిటర్జెంట్లు, కఠినమైన నీళ్లలోనూ నురగ ఇచ్చి మోసం చేస్తాయి. సీసాలో మూడో వంతు నీళ్లు ఉంచి, మిగతావి ఈ బకెట్లో పొయ్యండి. చిటికెడు తురుము వేసి ఇరవైసార్లు ఊపండి. నురగ నిలబడితే మెత్తటి నీళ్లు, అంటే ఆ లవణాలు తక్కువున్నవి. విరిగిన పాలలా తెల్లటి తెట్టు కడితే కఠినమైన నీళ్లు, మీ షాంపూ తప్పేమీ లేదు. బ్రాడీపేట, లక్ష్మీపురం వాళ్లు ఈ బల్ల దగ్గరికి, నల్లపాడు వైపు వాళ్లు ఆ బల్ల దగ్గరికి రండి. మూత గట్టిగా బిగించే ఊపండమ్మా.