పోషాడ్ బాక్స్ రివ్యూ: ఖాజాగూడ ఎండలో ఒక హింజ్ కథ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ పోషాడ్ బాక్సు, అంటే బయటికి తీసుకెళ్ళి ఆయిల్ రంగులతో బొమ్మలు వేసుకునే చిన్న పెట్టె, కంపెనీవాళ్ళే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, బాక్సు మాత్రం తిరిగి ఇవ్వక్కర్లేదన్నారు. నా మాటల్లో మొహమాటం ఎంతుందో మీరే లెక్కేసుకోండి. కొలతలు, బరువు, చెక్క రకం ఈపాటికి అన్‌బాక్సింగ్ వీడియోల్లో చూసేసి ఉంటారు, వాటి జోలికి పోను. నేను మాట్లాడాల్సింది హింజ్ గురించి, అంటే మూతని పెట్టెకి కలిపే కీలు గురించి.

నవ్వకండి. మూత లేపితే మన ప్యానెల్ (బొమ్మ వేసే పలక) దానికే ఆనుకుని నిలబడుతుంది కదా. ఆ మూత ఏ కోణంలో ఆగుతుందన్నది చిన్న విషయం కాదు. హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల దగ్గర వేసవిలో పొద్దున ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది. అది నేరుగా ప్యానెల్ మీద పడితే వేసిన ప్రతి రంగూ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మరీ లేతగా ఉందే అని ఇంకాస్త ముదురు కలుపుతాం. ఇంటికొచ్చి గోడకి ఆనిస్తే, పట్టపగలు వేసిన బొమ్మ కాస్తా సాయంత్రం ఏడున్నరలా ఉంటుంది.

నా పాత బాక్సు మూత వెనక్కి వాలి ఒకే చోట ఆగేది. దానికి గొడుగు కట్టేదాన్ని. గండిపేట కట్ట మీద గాలొస్తే గొడుగుతోపాటు బాక్సూ ఊగేది. ఇందులో మూత నిటారుగా ఆగుతుంది, కావాలంటే కాస్త మనవైపుకి కూడా వంగుతుంది. ఎంత వంచితే అంతే, జారదు. సూర్యుడు ప్యానెల్ వెనక ఉండేలా నిలబడితే ప్యానెల్ తన నీడలోనే ఉంటుంది, ఆ నీడ ప్యాలెట్ మీదా పడుతుంది. రంగు కలిపేదీ పూసేదీ ఒకే వెలుతురులో అన్నమాట. గొడుగు మానేశాను!

అలా నిలబడితే రాళ్ళని ఎదురెండలోనే చూడాలి. నాకు అదే ఇష్టం. మన గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. ముందు నుంచి ఎండ పడితే అన్నీ చప్పగా బూడిద రంగు. వెనక నుంచి పడితే అంచుల మీద సన్నటి వెలుగు గీత, నీడలో ఊదా, తుప్పు రంగులు. ఆ బూడిద రంగుకి నేను నల్ల ట్యూబు వాడను, అల్ట్రామెరైన్ నీలంలో బర్ంట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలుపుతాను. రాయి ఎర్రగా కనిపిస్తే సియెన్నా ఒక చుక్క ఎక్కువ.

ఇంట్లో చేసుకునే పని కూడా ఈ ఎండ కోసమే. ప్యానెళ్ళకి జెస్సో (రంగుకి ముందు వేసే తెల్ల పూత) పూసి, గరుకు కాగితంతో రుద్ది, పైన బర్ంట్ సియెన్నా యాక్రిలిక్‌ని నీళ్ళలా పల్చగా పూసి ముందు రోజే ఆరబెడతాను. తెల్ల ప్యానెల్ అయితే బయట కళ్ళు జిగేల్‌మంటాయి, ఏ నీడ ఎంత ముదురో అంచనా దొరకదు. తిరిగొచ్చాక ప్యానెల్ వెనకాల తారీఖు, టైము, గాలి ఎటునుంచో రాస్తాను. ఇంగ్లండ్‌లో జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లో హ్యాంప్‌స్టెడ్‌లో మబ్బులు వేస్తూ ఇలాగే రాసుకునేవాడు. పెద్ద కాన్వాస్ మీద అదే గుట్ట వేసేటప్పుడు ఫోన్ ఫొటో కంటే ఆ రెండు లైన్లే నాకు ఎక్కువ పనికొస్తాయి. ఫొటోలో నీడలన్నీ నల్లగా ముద్దైపోయి ఉంటాయి మరి.

ఇప్పుడు తిట్టాల్సింది. తడి ప్యానెల్ పెట్టుకునే గాడి మరీ సన్నం. ఆయిల్ ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి ఆ గాడి లేకపోతే కుదరదు. నేను చేసుకునే 6 ఎంఎం ప్లైవుడ్ ప్యానెల్ అందులో దూరదు. బలవంతంగా తోస్తే ఆకాశమంతా గీసుకుపోయింది. కంపెనీవాళ్ళ ప్యానెళ్ళు మాత్రం సాఫీగా దూరుతున్నాయి! నాకైతే ఇది తెలివైన వ్యాపారంలా అనిపించింది, చిరాకేసింది. 3 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసే పలక) కోయించుకుంటే సరిపోతుంది, కానీ వర్షాకాలంలో దానికి అన్నివైపులా జెస్సో పట్టించకపోతే వంకర తిరుగుతుంది.

ట్రైపాడ్ గురించి అడుగుతారు కదా, మామూలు కెమెరా ట్రైపాడే పడుతుంది, గాలి ఉంటే బ్యాగు దానికి వేలాడదీయండి.

వాటర్ కలర్ వేసేవాళ్ళకి ఈ బాక్సు అక్కర్లేదు. మీ కాగితం కాస్త పడుకునే ఉండాలి, ఈ హింజ్‌తో మీకు పనిలేదు. ఆయిల్ వేసేవాళ్ళైతే కొనండి. గాడి విషయంలో నాకు ఇంకా ఒళ్ళు మండుతోంది, అయినా ఇది ఫ్రీగా రాకపోయుంటే డబ్బు పెట్టి కొనేదాన్ని. లింక్ కింద ఉంది, దాని మీద నాకు కమీషన్ రాదు.