ప్రీమియం కార్ బ్యాటరీ ఎవరికి అవసరం, ఎవరికి దండగ?

నమస్కారం అండీ. టేబుల్ మీద రెండు బ్యాటరీలున్నాయి చూడండి. కంపెనీ ఒకటే, సైజు ఒకటే, రెండూ 35 ఏహెచ్. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే కొలత. ఎడమ పక్కది మామూలు రకం, కుడి పక్కది ప్రీమియం. షాపుని బట్టి వెయ్యి, పదిహేను వందల దాకా తేడా పడుతుంది. పేర్ల మీద టేపు వేసింది కావాలనే. కారు రోజూ ఎలా తిరుగుతుందో చూసుకోకుండా బ్రాండ్ దగ్గర మొదలుపెడితే లెక్క తప్పుతుంది.

అయినా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి బ్రాండ్ల సంగతి ఇక్కడే ముగించేద్దాం. అమరాన్ తయారుచేసే అమరరాజా మన తిరుపతి పక్కన కరకంబాడిలో పుట్టిన కంపెనీ. ఎక్సైడ్ కోల్‌కతా వాళ్ళది, ఎస్‌ఎఫ్ సోనిక్ కూడా వాళ్ళ బ్రాండే. టాటా గ్రీన్ జపాన్ కంపెనీ జీఎస్ యుఆసాతో కలిసి చేసేది. వీటిలో ఏది కొన్నా మీరేం మోసపోరు. మీ ఊళ్ళో ఎవరి సర్వీస్ బాగుంటే వాళ్ళది తీసుకోండి. ఒకే బ్రాండ్‌లో ఏ రకం తీసుకోవాలన్నదే అసలు ప్రశ్న.

ప్రీమియం బాక్సు మీద పెద్ద అక్షరాలతో కనిపించేది సీసీఏ. మైనస్ 18 డిగ్రీల చలిలో, 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె అది. మైనస్ 18! మన దగ్గర లంబసింగిలో జనం మంచు చూడ్డానికి వెళ్ళే రోజున కూడా సున్నా దగ్గరే ఆగుతుంది. మినియాపోలిస్‌లోనో, షికాగోలోనో ఉంటున్న మనవాళ్ళు ఈ అంకెని కచ్చితంగా చూడాలి. రామగుండంలోనో, రెంటచింతలలోనో ఉండేవాళ్ళు మాత్రం దాని కోసమే అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. కంపెనీ మీ కారుకి చెప్పినంత ఉంటే చాలు.

మన బ్యాటరీకి శత్రువు ఎండ. బయట 44, 45 డిగ్రీలున్న రోజు ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. ఆ వేడికి లోపల నీళ్ళు తగ్గుతాయి, ప్లేట్ల లోపలున్న సీసపు జాలీ తుప్పు పట్టినట్టు అరిగిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడుతుందని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. తమాషా ఏంటంటే, దెబ్బ తినేది మే నెలలో, బయటపడేది డిసెంబర్‌లో. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాలి, అప్పుడు టక్ టక్ టక్‌మని ఊరుకుంటుంది. మనమేమో చలికి పోయిందనుకుంటాం.

అందుకే మీ కారు బానెట్ ఒక్కసారి ఎత్తి చూడండి. చాలా కార్లలో బ్యాటరీ చుట్టూ నల్లటి జాకెట్ ఒకటి వస్తుంది, దుప్పటి గుడ్డలా గానీ ప్లాస్టిక్ తొడుగులా గానీ ఉంటుంది. ఇంజన్ వేడి నేరుగా తగలకుండా పెట్టింది అది. బ్యాటరీ మార్చేటప్పుడు మెకానిక్ దాన్ని తీసి పక్కన పడేస్తాడు, తిరిగి వెయ్యడు. అడిగితే "అది అవసరం లేద్సార్" అంటాడు. అవసరమే. ఏ ప్రీమియం బ్యాటరీ అయినా ఆ జాకెట్ ఉంటేనే నాలుగు కాలాలు ఉంటుంది.

ఇప్పుడు మీ డ్రైవింగ్ సంగతి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్ళొచ్చే కారు తీసుకోండి. దూరం తక్కువ, ఆగడం ఎక్కువ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 150, 200 ఆంపియర్లు లాగినా అది ఒకటి రెండు సెకన్లే, దాన్ని ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే పరికరం, కొద్ది నిమిషాల్లో పూడ్చేస్తుంది. ఇబ్బంది అక్కడ లేదు. ఏసీ బ్లోయర్, హెడ్‌లైట్లు, వైపర్లు, ఫోన్ చార్జింగ్ అన్నీ నడుస్తుంటాయి, ఇంజన్ ఏమో ఐడ్లింగ్‌లో ఉంటుంది, ఆల్టర్నేటర్ పూర్తి బలంతో తిరగదు. పైగా ఈ సీసం బ్యాటరీలకి ఓ గుణం ఉంది. 80 శాతం వరకు గబగబా ఎక్కుతాయి, మిగిలిన 20 శాతానికి గంటలు తీసుకుంటాయి. ఆ గంటలు మన ట్రాఫిక్ ఎప్పుడూ ఇవ్వదు. దాంతో బ్యాటరీ ఎప్పుడూ అరకొర చార్జింగ్‌తోనే ఉండిపోతుంది. బోరు నీళ్ళకి గీజర్ కాయిల్ మీద తెల్లటి పొర కట్టినట్టు ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక దాన్ని కరిగించడం కష్టం.

ఇలాంటి కారుకి ప్రీమియం రకంలో డబ్బు పెట్టమంటాను నేను. దానికి తోడు వారానికోసారి ఓఆర్ఆర్ మీద గంటసేపు తిప్పి రండి.

దీనికి పూర్తిగా వేరే కథ, సెల్లార్‌లో నిద్రపోయే కారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, నాన్నగారు నెలకి రెండుసార్లు గుడికో ఆసుపత్రికో తీస్తారు. ఆపేసిన కారు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది: అలారం, రిమోట్ లాక్, కంప్యూటర్. 50 మిల్లీ ఆంపియర్ల వరకు మామూలే. రోజంతా లెక్కేస్తే 1.2 ఏహెచ్. 35 ఏహెచ్ బ్యాటరీ రెండు వారాల్లో సగానికి దిగిపోతుంది. దానికి పార్కింగ్ మోడ్ ఉన్న డాష్‌క్యామ్ కలిపి, అది పావు ఆంపియర్ లాగుతుందనుకుంటే, రోజుకి మరో 6 ఏహెచ్. మూడు రోజులు చాలు సగం ఖాళీ అవ్వడానికి. అక్కడ మీరు ఎంత ఖరీదైన బ్యాటరీ పెట్టినా జరిగేది అదే, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుందంతే.

కాబట్టి ఆ పెద్దవాళ్ళకి ప్రీమియం కొనివ్వకండి. మామూలు బ్యాటరీ వేయించి, మిగిలిన డబ్బుకి ఇంకొంచెం కలిపి ఒక స్మార్ట్ చార్జర్ కొనండి. చార్జింగ్ నిండగానే తనే తగ్గించుకునే రకం చూసుకోండి. సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ లేదా? అయితే నెగెటివ్ టెర్మినల్ విప్పి పెట్టండి. గడియారం, రేడియో సెట్టింగ్స్ పోతాయి, అంతే. విప్పే ముందు తాళంచెవి మాత్రం జేబులో ఉంచుకోండి, లోపల పెట్టి డోర్ వేశారంటే ఇంకో కథ మొదలవుతుంది.

హైవే మీద తిరిగే వాళ్ళకి, విజయవాడ, వైజాగ్ అని వారం వారం వెళ్ళే వాళ్ళకి చార్జింగ్ సమస్య ఉండదు. వాళ్ళకి వేడి, కుదుపు. బ్యాటరీని పట్టుకునే క్లాంప్ బిగుతుగా ఉందో లేదో చూసుకోండి, ఊగే బ్యాటరీలో ప్లేట్లు రాలతాయి. టాక్సీగా తిప్పేవాళ్ళైతే వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాలు చదవండి, సొంత కారుకి ఇచ్చే నెలలు టాక్సీకి ఇవ్వరు.

సిగ్నల్ దగ్గర దానంతట అదే ఇంజన్ ఆగి, క్లచ్ తొక్కగానే స్టార్ట్ అయ్యే కారు మీదైతే ఎంపిక మీ చేతిలో లేదు. పాత బ్యాటరీ మీద ఈఎఫ్‌బీ అనో ఏజీఎం అనో రాసి ఉంటుంది. ఇలా మాటిమాటికీ స్టార్ట్ అవ్వడానికి చేసిన రకాలవి, ఏజీఎం ఇంకా పై రకం. ఈఎఫ్‌బీ ఉన్నచోట ఈఎఫ్‌బీయే పెట్టాలి. ఏజీఎం ఉన్నచోట అంతకన్నా తక్కువ రకం అస్సలు వద్దు. షాపులో "మామూలుది సరిపోతుంది, సగం ధరే" అంటారు. పెడితే స్టార్ట్ అవుతుంది కూడా, కానీ రోజుకి ముప్పై నలభై సార్లు సెల్ఫ్ కొట్టడానికి చేసింది కాదది. పోనీ గొప్పది కదా అని మామూలు కారుకి ఏజీఎం పెడదామా అంటే, అదీ వద్దంటాను. ఏజీఎంకి వేడి పడదు. కొన్ని జర్మన్ కార్లలో దాన్ని ఇంజన్‌కి దూరంగా డిక్కీలో పెట్టడం ఊరికే కాదు. ఆ కార్లలో కొత్త బ్యాటరీ పెట్టాక స్కానర్‌తో రిజిస్టర్ చేయించాలి, లేకపోతే కారు ఇంకా పాతదే ఉందనుకుని చార్జ్ చేస్తుంది.

అన్నట్టు ఈవీ కొన్నవాళ్ళు మాకేం బాధ అనుకుని వీడియో ఆపేయకండి. నెక్సాన్ ఈవీలో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంది. అది పడుకుంటే కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు.

ఇక వారంటీ. 60 నెలలు అని రాసి ఉంటే ఐదేళ్ళు ఊరికే మారుస్తారని కాదు. 30 నెలలు ఫ్రీ, తర్వాత 30 ప్రో రేటా లాగా విడగొడతారు. ప్రో రేటా అంటే కొత్తదాని మీద తగ్గింపు ఇవ్వడం, అదీ ఎంఆర్‌పీ మీద. ఉదాహరణకి ఎంఆర్‌పీ 7,000 అనుకోండి, మీకు 25 శాతం తగ్గింపు వచ్చింది, 5,250 కట్టాలి. అదే బ్యాటరీ పాతది ఎక్స్చేంజ్ ఇస్తే బయట అంతకే దొరుకుతుంటే మీకు మిగిలిందేమిటి? అందుకని రెండు రకాలు పోల్చేటప్పుడు మొత్తం నెలలు వదిలేసి ఫ్రీ నెలలే పోల్చండి. ధరని వాటితో భాగిస్తే ఏది చవకో తేలిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేటు లిస్టు చూపిస్తే ఆ మాట అడగండి.

షాపుకెళ్ళే ముందు పాత బ్యాటరీ మీది కోడ్ ఫోటో తీసుకోండి. ఇదిగో, 38బి20ఎల్. ముందున్న 38 దాని సత్తా, బి దాని వెడల్పు, ఎత్తుల తరగతి, 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, చివరి ఎల్ టెర్మినళ్ళు ఏ వైపు ఉన్నాయో చెబుతుంది. ఆ చివరి అక్షరం ఆర్ అయితే మీ వైరు దాకా అందదు. మొదటి అంకె పెద్దదైతే, అంటే 42 అయితే, ఇంకా మంచిదే. ట్రేలో పడితే కాస్త ఎక్కువ ఏహెచ్ పెట్టినా ఆల్టర్నేటర్‌కి ఏమీ కాదు.

ఇప్పుడీ మీటర్ చూడండి. ప్రీమియం దాని మీద పెడుతున్నా... 12.38 వోల్టులు. మామూలు దాని మీద... 12.67. ఖరీదైనది నెలల తరబడి షెల్ఫ్ మీద కూర్చుంది, చవకది మొన్ననే వచ్చింది. ఇలాంటప్పుడు నేను చవకదే తీసుకుంటా. తయారీ నెల చూపించమనండి, మీటర్ పెట్టమనండి, 12.6 కన్నా తక్కువుంటే ఇంకోటి తెమ్మనండి. మొహమాటపడక్కర్లేదు.

బిగించేటప్పుడు ముందు పాజిటివ్, తర్వాత నెగెటివ్. ఇంజన్ స్టార్ట్ చేశాక మీటర్ మళ్ళీ పెట్టించండి. మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. కొన్ని కొత్త కార్లలో ఆల్టర్నేటర్ అవసరాన్ని బట్టి తగ్గించుకుంటుంది, అప్పుడు హెడ్‌లైట్లు వేసి చూడండి. అయినా 13 దాటట్లేదంటే, లేదా 15 మీద పోతోందంటే, పాత బ్యాటరీని చంపింది ఆల్టర్నేటరే. డబ్బు కట్టే ముందే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి.