సింథసైజర్ మీద పితృపూజా? (స్టూడియో చర్చ పూర్తి పాఠం)

యాంకర్: నమస్కారం. సియోల్‌లోని జోంగ్మ్యో, ఒకప్పుడు కొరియాని ఏలిన జోసన్ వంశపు రాజుల పితృమందిరం. అక్కడి పూజా సంగీతాన్ని హేపారి అనే జంట సింథసైజర్ల మీదకి తెచ్చింది. ఇది సంప్రదాయమా, సంతసరుకా? సూటిగా అడుగుతున్నా, ఇదంతా కె-పాప్, అంటే కొరియా పాప్ సంగీతం గాలేనా?

స్వరకర్త: కాదండీ. అసలు ఆ పాటలు పూజకోసం పుట్టినవే కావు. సెజోంగ్ రాజు కాలంలో కొలువు విందులకి కట్టినవి. ఆయన కొడుకు సెజో వాటిని కుదించి 1464లో పూజలోకి తెచ్చాడు. విందుపాట పూజకి పోవచ్చు గానీ, పూజపాట క్లబ్బుకి రాకూడదా?

వీణ విద్వాంసురాలు: రావచ్చు బాబూ. ఎలా వస్తోందన్నదే నా...

స్వరకర్త: ఎలా వస్తే ఏంటండీ! విందుపాట పూజకి...

వీణ విద్వాంసురాలు: అది విన్నాం. గయగుమ్ అనే కొరియా తీగవాద్యానికి పన్నెండు తీగలు. ఎడమచేత్తో తీగ నొక్కి ఊపుతారు, నోంగ్‌హ్యోన్ అంటారు. మన గమకానికి చుట్టం. ఏ రెండు ఊపులూ ఒకేలా ఉండవు. లూప్‌లో పెడితే ఒకే ఊపు పదహారుసార్లు వినిపిస్తుంది.

స్వరకర్త: లూప్ పాతకాలం మాట! తీగ కింద మైకు పెట్టి, వాయిస్తుండగానే మారుస్తాం. ఊపు మారితే శబ్దమూ మారుతుంది.

వీణ విద్వాంసురాలు: మరి లయ? ఆ నెమ్మది పాటల్లో దెబ్బ ఊపిరిని బట్టి పడుతుంది. మీ యంత్రం గళ్ల కాగితం మీద...

యాంకర్: మేడమ్, యువత మాత్రం బీటీఎస్ లాంటి కె-పాప్ బృందాల వల్లే కదా వింటోంది?

పరిశోధకుడు: ఆవు వ్యాసంలా మీరు ఎటు వెళ్లినా కె-పాప్ చెట్టుకే కట్టేస్తున్నారు. (నవ్వులు) 1962లో దక్షిణ కొరియావాళ్లు వారసత్వ రక్షణ చట్టం చేశారు. 1964లో, కాపాడాల్సిన కళల జాబితాలో మొదటి సంఖ్య ఈ జోంగ్మ్యో సంగీతానికే ఇచ్చారు. కాపాడబోయేసరికి ‘అసలు రూపం’ అని ఒకటి గడ్డకట్టింది. గొడవ అక్కడ...

స్వరకర్త: అదే నేనూ అంటున్నా! సాముల్‌నోరి చూడండి. పొలాల్లో తిరిగే రైతుల డప్పుల మేళం నుంచి పుట్టింది. 1978లో సియోల్‌లో చిన్న థియేటర్‌లో కూర్చుని వాయించారు. ఇవాళ దాన్నే సంప్రదాయం అంటున్నారు. పాత కొరియా వాద్యాలతో రాక్ వాయించే జాంబినాయి వాళ్లు 2018 ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ముగింపులో...

యాంకర్: ఆ ముగింపులో ఎక్సో కూడా ఉన్నారుగా! కె-పాప్!

పరిశోధకుడు: ఉంటే?

యాంకర్: అన్నట్టు హేపారి అంటే ఏంటి సార్?

పరిశోధకుడు: జెల్లీఫిష్.

యాంకర్: భలే! తింటారా దాన్ని?

పరిశోధకుడు: తింటారు, ఆవాల ఘాటుతో చల్లగా. మనం చట్టం దగ్గర...

స్వరకర్త: చట్టం వదిలేయండి. విందుపాట పూజకి పోవచ్చు గానీ...

వీణ విద్వాంసురాలు: నాయనా, మూడోసారి! ఒక్క ప్రశ్న. ఆ పూజలో పాట ముగిసిందని చెప్పడానికి ‘ఓ’ అనే కొయ్యపులి ఉంటుంది. తలమీద మూడుసార్లు కొట్టి, వీపు గరగరా గీస్తారు. ముగింపుకి ఒక మనిషి, ఒక పులి. మీ లాప్‌టాప్‌లో ముగింపు ఎవరి చేతిలో...

స్వరకర్త: ఆ గరగరే నాకు కావాలి! దాన్ని శాంపిల్ చేసి బేస్ కింద వేస్తే హాలు ఊగిపోతుంది!

వీణ విద్వాంసురాలు: నేనడిగింది అది కాదు.

యాంకర్: పులి బేస్! అద్భుతం సార్. సమయం మించిపోయింది. ఇరుపక్షాలూ సమానంగా మాట్లాడాయి. సార్, చివరిమాట మీదే.

స్వరకర్త: విందుపాట పూజకి పోవచ్చు గానీ...

వీణ విద్వాంసురాలు: ఎవరి చేతిలో ఉంటుందని... (మైకు ఆగింది)