దున్నని నేలకు సర్కారు కౌలు

సభాధ్యక్షులకు, వ్యవసాయ అర్థశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రానికి పడమటి కొసన, చుట్టూ నాలుగు రాష్ట్రాలను తాకుతూ సిమరాన్ అనే కౌంటీ ఉంది. పేరుకు జిల్లా వంటిదే అయినా జనాభా రెండు వేల పైచిలుకు మాత్రమే. గోధుమ కోసం అక్కడి పచ్చిక బయళ్లను దున్నేశాక, 1930లలో వానలు ముఖం చాటేయడంతో పైమట్టి గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన ధూళి తుఫాను కౌంటీ కేంద్రమైన బాయిస్ సిటీని పట్టపగలే చీకటి చేసింది.

అప్పుడు ప్రభుత్వం దెబ్బతిన్న భూములు కొన్నింటిని కొనేసి గడ్డి వేయించింది. నేటి రీటా బ్లాంకా జాతీయ పచ్చిక బయలు అలా ఏర్పడినదే, దానిలో కొంత ఈ కౌంటీలోనే ఉంది. అర్ధశతాబ్దం తర్వాత, 1985 చట్టంతో, కొనడం మాని కౌలుకు తీసుకునే పద్ధతి వచ్చింది. కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ అనే ఈ పథకంలో కోతకు గురయ్యే నేలను 10 నుంచి 15 ఏళ్లపాటు దున్నబోనని రైతు ఒప్పందం రాసిస్తాడు. గడ్డి విత్తే ఖర్చులో దాదాపు సగం, ఆపైన ఏటా అక్టోబరులో ఎకరాకు ఇంతని కౌలు ప్రభుత్వం చెల్లిస్తుంది. సాధారణ విడతలో అర్జీ పెట్టినవారందరికీ ఇది దక్కదు. నేలకోత, నీటి నాణ్యత, వన్యప్రాణులకు మేలు వంటివాటికి మార్కులు వేస్తారు, కౌలు తగ్గించి అడిగినవారికి మార్కులు పెరుగుతాయి. ఒక విధంగా ఇది తిరగేసిన వేలంపాట.

నేలకు మేలు జరిగిందనడంలో నాకు సందేహం లేదు. ఊరి సంగతే చిక్కు. దున్నని పొలానికి విత్తనం అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, డీజిలూ అక్కర్లేదు; యజమాని ఏ దూర నగరంలో ఉన్నా డబ్బు అక్కడికే చేరుతుంది, అంతవరకూ ఆ చేను సాగుచేసిన కౌలుదారుకు చేసేందుకు పొలం మిగలదు. రైతుబంధు పట్టాదారుకే అందిందన్న చర్చ తెలంగాణలో విన్నవారికి ఇది కొత్తగా తోచదు. ఏ కౌంటీలోనైనా సాగుభూమిలో సాధారణంగా 25 శాతానికి మించి ఈ పథకంలో చేర్చరాదన్న పరిమితిని చట్టమే పెట్టిందంటే, ఈ నష్టాన్ని శాసనకర్తలు ముందే ఊహించారన్నమాట.

అసలు బలహీనత గడువు ముగిసే నాడు బయటపడుతుంది. దేశవ్యాప్తంగా 2007లో 3.68 కోట్ల ఎకరాలు ఈ ఒప్పందాల కింద ఉండగా, ఆ తర్వాత ధాన్యం ధరలు ఎగబాకడంతో చాలామంది గడువు తీరగానే మళ్లీ నాగలి కట్టారు. 2014 చట్టం గరిష్ఠ విస్తీర్ణాన్నే 2.4 కోట్ల ఎకరాలకు కుదించింది. 1930లలో కొన్న నేలలో గడ్డి నేటికీ నిలిచి ఉంది, కౌలుకు తీసుకున్న నేలలో గడ్డి మాత్రం గోధుమ, మొక్కజొన్న ధరల దయమీద బతుకుతోంది. అలాగని అంతా కొనేయమనడం తేలికే గానీ, సర్కారు భూమిపై కౌంటీకి ఆస్తి పన్ను రాదు, ఆ పన్నుతోనే అక్కడి బడులు నడవాలి.

2014లో చేర్చిన మరో రకం ఒప్పందంలో పశువులను మేపుకుంటూనే పచ్చికను దున్నకుండా ఉంచవచ్చు. కౌలు తక్కువే అయినా మంద మీద ఆదాయం ఉంటుంది, ఊళ్లో పని ఉంటుంది. పశుపోషణ అలవాటున్న సిమరాన్ వంటి చోట గడువు ముగిశాక కూడా గడ్డి మిగిలే అవకాశం దీనికే ఎక్కువని నా అంచనా.