ఐదో తరగతి దాకా డ్రిల్లు మాస్టారు లేని చట్టం

వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారంటూ టీవీ చర్చల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ రభస మొదలవుతుంది. తప్పు తల్లిదండ్రులదా, ఫోనుదా అన్న వాదన మీరు ఇప్పటికే విసుగెత్తేంతగా విన్నారు కాబట్టి దాన్ని మళ్లీ చెప్పను. నేను అనేది ఒక్కటే: మన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయుడిని ఇవ్వనే లేదు.

నమ్మశక్యంగా లేకపోతే 2009 నాటి ఆ చట్టం చివర ఉన్న షెడ్యూలును తెరిచి చూడండి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని అందులో ఉంది. ప్రతి తరగతికీ అవసరమైన ఆట సామగ్రి ఇవ్వాలని కూడా ఉంది. ఆట నేర్పే మనిషి మాత్రం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకే, అదీ పిల్లల సంఖ్య 100 దాటితేనే, అప్పుడు కూడా పార్ట్‌టైమ్ బోధకుడిగానే దక్కుతాడు. బంతీ మైదానమూ చట్టంలో ఉన్నాయి, మాస్టారు లేరు! పరుగు, దూకు, విసురు, పట్టు అన్నీ ఒంటికి అలవడే వయసంతా గడిచిపోయాక వ్యాయామ విద్యను మొదలుపెట్టమనడం ఏపాటి విజ్ఞతో నాకు అర్థం కాదు.

అదే షెడ్యూలు ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరే ఉపాధ్యాయులు. ఐదు తరగతులకూ పాఠాలు చెప్పి, మధ్యాహ్న భోజనం చూసుకొని, యాప్‌లలో వివరాలన్నీ నింపే ఆ ఇద్దరినీ ఖోఖో ఎందుకు నేర్పలేదని అడగడానికి నాకు నోరు రాదు. ప్రైవేటు బడుల మీద మాత్రం నాకు అంత దయ లేదు. అపార్టుమెంటులో బడి నడుపుతూ, టైంటేబుల్లో గేమ్స్ అని రాసి, పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడును లెక్కలకు అప్పగించేసే యాజమాన్యాలు ట్రాక్‌సూటుకు మాత్రం విడిగా డబ్బు వసూలు చేయడం మరిచిపోవు.

ఇప్పుడు సెలవుల సంగతికి వద్దాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రాథమిక తరగతులకు చట్టం కోరేది ఏడాదికి కనీసం 200 పని దినాలే కనుక, మిగిలిన రోజుల్లో ఆ గంటసేపు ఏం ఆడాలో పిల్లవాడికే తెలిసి ఉండాలి. ఎలా తెలుస్తుంది? ఏడు పెంకులాట, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ల ఒకప్పుడు వీధిలోని పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పేవారు. ఆ వీధి నేడు కార్ల పార్కింగుగా మారిపోయింది. ఆ పెద్దపిల్లల స్థానంలోకి బడి రావలసింది, రాలేదు. ఆట రాని పిల్లవాడి చేతికి ఫోను వస్తుంది. మనం ఫోనును తిడతాం.

సమ్మర్ క్యాంపులున్నాయి కదా అంటారా? వేలకు వేలు పోసి, ఏడేళ్ల బిడ్డకు ప్యాడ్లు కట్టి, మే నెల బెజవాడ ఎండలో ఉదయం పదింటికి నెట్స్‌లో నిలబెట్టడాన్ని నేను ఆట అనలేను. ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం ఎండ తగ్గాక ఆడించే వారుంటే పంపండి, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలవగానే, ఉదయపు చల్లదనంలో మొదటి పీరియడును ఆటకే ఇచ్చి, సామాను అక్కరలేని నాలుగు ఆటలను ప్రతి పిల్లకూ నియమాలతో సహా నేర్పించాలి. సెలవుల్లో ఎక్కాలు పదిసార్లు రాసుకురమ్మనే బదులు, ఆ ఆటలను ఇంటి దగ్గర మరో ఇద్దరికి నేర్పి రమ్మనాలి. అంతకంటే ముందు, ఒకటో తరగతి నుంచే వ్యాయామ ఉపాధ్యాయుడు తప్పనిసరి అంటూ ఆ షెడ్యూలును సవరించాలి. మీ పిల్లల ప్రాథమిక బడిలో డ్రిల్లు మాస్టారు ఉన్నారో లేదో, ఉంటే వారానికి ఎన్ని పీరియడ్లు నిజంగా మైదానంలో గడుస్తున్నాయో కింద కామెంట్లలో రాయండి. టైంటేబుల్లో ఉన్న లెక్క మాత్రం నాకు వద్దు.