రిసెప్టర్‌ని లైపోసోమ్ లోపల పెట్టరు, గోడలో పెడతారు

లైపోసోమ్ అంటే కొవ్వు పొరే గోడగా ఉన్న చిన్న నీటి బుడగ. రిసెప్టర్ అంటే కణం బయటి నుంచి వచ్చే కబురు అందుకునే ప్రోటీన్. లైపోసోమ్‌లో రిసెప్టర్ అనగానే చాలామంది గీసే బొమ్మ ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. లోపలి నీళ్లలో ప్రోటీన్ తేలుతోంది. ఈ బొమ్మ చూసిన ప్రతిసారీ నాకు చిరాకే. రిసెప్టర్ ఉండాల్సింది లోపల కాదు, గోడలో!

ఇంటి కాలింగ్ బెల్ తీసుకోండి. స్విచ్ బయట, మోగేది లోపల, వైరు గోడ దాటి వెళ్తుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ కబురు అందుకునే బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్ కూడా అంతే. అడ్రినలిన్ బయటివైపు అతుక్కుంటే, కబురు లోపలున్న జీ-ప్రోటీన్‌కి, అంటే దాన్ని కణంలో ముందుకు చేరవేసే ప్రోటీన్‌కి, అందుతుంది. ఈ రిసెప్టర్ గొలుసు కణం పొరని, అంటే గోడని, ఏడుసార్లు దాటుతుంది. గోడే లేకపోతే ఇక బయటేంటి, లోపలేంటి?

మరి ఆ స్విచ్‌ని, అంటే రిసెప్టర్‌ని, లైపోసోమ్‌లో పెట్టాలంటే ముందు పాత గోడలోంచి, అంటే కణం పొరలోంచి, ఊడదీయడం ఎలా? పొర మధ్యలో ఉన్నది కొవ్వు. అందులో ఇమిడి ఉన్న ప్రోటీన్ భాగానికి నీళ్లు పడవు. నేరుగా నీళ్లలోకి తెస్తే ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. అందుకే డిటర్జెంట్ వాడతారు. బట్టలకి వాడేది కాదండీ, ఆక్టైల్ గ్లూకోసైడ్ లాంటి సున్నితమైన రకం. దాని అణువులు ప్రోటీన్ నడుం చుట్టూ చేరి, కొవ్వు లేని లోటు తీరుస్తాయి.

తర్వాత డిటర్జెంట్‌లో కరిగించిన లిపిడ్లు, అంటే పొరలో ఉండే కొవ్వులు, కలిపి, ఆ డిటర్జెంట్‌ని మెల్లగా తీసేస్తారు. అసలు నేర్పంతా ఇక్కడే. ఆక్టైల్ గ్లూకోసైడ్ అణువులు చాలావరకు విడివిడిగా తిరుగుతాయి కాబట్టి సన్నటి రంధ్రాలుండే డయాలిసిస్ సంచిలోంచి తేలిగ్గా బయటికి పోతాయి. గుంపులు కట్టి కూర్చునే డిటర్జెంట్లయితే పాలీస్టైరిన్ పూసలు వేసి పీల్పించాలి. డిటర్జెంట్ తగ్గేకొద్దీ లిపిడ్లు తమంతట తామే బుడగలుగా మూసుకుంటాయి, రిసెప్టర్‌ని గోడలో కలుపుకుని. తొందరపడ్డారా, మళ్లీ ముద్దే.

ఇది పనిచేస్తుందని ఎలా తెలుసు? నాకెంతో ఇష్టమైన ప్రయోగం చెప్తాను. 1983లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ బృందం, శుద్ధి చేసిన బీటా రిసెప్టర్‌ని లిపిడ్ బుడగల్లో పెట్టి, వాటిని జెనోపస్ కప్ప ఎర్ర రక్తకణాలతో కలిపేసింది. ఆ కణాల్లో లోపల మోగే బెల్ ఉంది, ఈ స్విచ్ మాత్రం లేదు. బుడగలు కలిశాక, అంతవరకూ పలకని కణాలు అడ్రినలిన్ లాంటి మందులకి పలికాయి! కబురు అందుకోవడానికి ఈ ఒక్క ప్రోటీన్ చాలని తేలింది. అద్భుతం కదా? లెఫ్కోవిట్జ్‌కి 2012లో బ్రయన్ కోబిల్కాతో కలిపి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. లిపిడ్ల ఎంపిక ముఖ్యం, చాలా రిసెప్టర్లకి కొలెస్టరాల్ కూడా కావాలి. ఇక దిశ. కొన్ని స్విచ్‌లు తిరగబడి బుడగ లోపలివైపుకి ఉండిపోతాయి. రిసెప్టర్‌కి అతుక్కునే, కానీ పొర దాటలేని మందుతో కొలిస్తే అవి లెక్కలోకి రావు. లెక్క తగ్గింది కదా అని రిసెప్టర్ పాడైపోయిందనుకోకండి. ముందు కాస్త డిటర్జెంట్ వేసి పొర తెరిచి, మళ్లీ కొలవండి.